నాగావ్‌లో ఒక ఈత గుంత

మా మేనత్త పోయిందని ఫోన్ చేసి చెబుతుంటే అవతలివాళ్ళు దాదాపు అందరూ ఒకే మాట అడిగారు.

"గుంతలనా?"

కాదు, గుంతలో కాదు. పొద్దున టీ తాగి, సాసర్ కడిగి బోర్లించి, ఛాతీలో పట్టేసినట్టుందని మంచం మీద వాలింది. పక్కింటావిడ రిక్షా పిలిచేలోపే అయిపోయింది. ఆమె చీర పొడిగానే ఉంది. ఆ రోజు ఈ మాట ఎంతమందికి చెప్పానో గుర్తు లేదు. చెప్పిన ప్రతిసారీ నాకే వింతగా ఉండేది. మనిషి పోయిన వార్త చెబుతూ చీర పొడిగా ఉందని చెప్పడమేమిటి?

మీలో చాలామందికి ఆమె తెలియదు. తెలిసినవాళ్ళకు కూడా 'పూల్ కట్టిన ముసలామె'గానే తెలుసు. ముంబై దగ్గరి భివండీలో, ఎటు చూసినా పవర్‌లూమ్ కార్ఖానాలే ఉండే నాగావ్‌లో, తన ఇంటి వెనక పెరట్లో, అరవై దాటిన వయసులో ఆమె ఈత కొలను కట్టించుకుంది. ఎందుకు కట్టించుకుందో నాకు తెలియదు. ఆమె కూతురికీ తెలియదు, కట్టిన మేస్త్రికీ తెలియదు. రాస్తే ఏమైనా తెలుస్తుందేమోనని ఇది మొదలుపెట్టాను.

ఆమె మా నాన్నకు అక్క. కరీంనగర్ వైపు నుంచి పెళ్ళి చేసుకుని భివండీ వచ్చింది. మామకు ఎనిమిది సాంచలు ఉండేవి. పవర్‌లూమ్‌ను మావాళ్ళు సాంచ అంటారు. మామ సాంచలు నడిపితే ఆమె నూలు కండెలు చుట్టేది. మేమూ భివండీలోనే, కామత్‌ఘర్‌లో ఒక్క గది ఖోలీలో ఆరుగురం ఉండేవాళ్ళం. చదువుకోవడానికి చోటు లేదని నన్ను ఏడో ఏట ఆమె దగ్గర వదిలారు. పదో తరగతి అయ్యేదాకా ఆమె వండిందే తిన్నాను. మరాఠీ బడిలో నేర్చుకున్న ఎక్కాలను కండెల మిషన్ పక్కన కూర్చుని అప్పజెప్పేవాణ్ణి. ఆమెకు అప్పటికి మరాఠీ అంతంతమాత్రం, ఎక్కాలు అసలే రావు. అయినా నేను తప్పు చెబితే ఆమె చెయ్యి ఆగిపోయేది.

"గాడ తప్పినవ్."

"నీకెట్ల తెలిసిందత్తా?"

"దారం తెగినట్టు ఇనవడ్డది."

ఆమె గొంతు చాలా పెద్దది. సాంచల మోతలో బతికినవాళ్ళు మెల్లగా మాట్లాడటం మరచిపోతారు. పక్కనే కూర్చున్న మనిషిని కూడా వీధి చివరున్నవాణ్ణి పిలిచినట్టే పిలిచేది. చేతులు ఊరికే ఉండేవి కావు. ఏది దొరికితే దానికి ముడి వేసేది. ఆమె మూతి కట్టిన క్యారీబ్యాగును విప్పినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు, కత్తెర తీసుకోవాల్సిందే.

మామ పోయాక రెండేళ్ళు సాంచలను కిరాయికి ఇచ్చింది. తర్వాత ఒక రోజు అన్నిటినీ పాత ఇనుము కొనే భంగార్‌వాడికి తోలేసింది. ఇంటి పక్కనున్న కార్ఖానా ఖాళీ అయింది. అందులో గదులు వేసి అద్దెకివ్వమని అందరమూ చెప్పాం. సరే, చూద్దాం అంది.

నాకు ధామన్కర్ నాకా దగ్గర హార్డ్‌వేర్ దుకాణం ఉంది. సిమెంటు, పైపులు, నల్లాలు అమ్ముతాను. ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఆమె షేర్ ఆటో దిగి, కొంగుతో మెడ తుడుచుకుంటూ నా కౌంటర్ ముందు నిలబడింది.

"ఈత గుంత కట్టాల్నంటే ఏమేం కావాలె రా?"

"నీళ్ళ హౌజా? ఎన్ని లీటర్లది?"

"హౌజు కాదు. ఈత గుంత. మనిషి దిగేది."

దుకాణంలో ఉన్న ఇద్దరు గిరాకీలు నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. కౌంటర్ మీదున్న సుతిలి తాడు ముక్కకు ముడి వేస్తూ జవాబు కోసం చూస్తోంది.

"ఎందుకత్తా?"

"ఎందుకో నాకు సుత తెల్వది. కట్టుకుంట పోతే తెలుస్తది."

నాకు అలా చెప్పింది. కూతురికేమో మోకాళ్ళ నొప్పులకు నీళ్ళలో నడవమని డాక్టర్ చెప్పాడంది. మేస్త్రికి మనవళ్ళ కోసమంది. ఆ మనవళ్ళు షోలాపూర్ నుంచి ఏడాదికి ఒకసారి వచ్చి మూడు రోజులుంటారు. పక్క చాల్‌లోని, అంటే వరస గదుల్లోని, ఆడవాళ్ళకు హౌజు అనే చెప్పింది. ఇందులో ఏది అబద్ధమో నేను ఇప్పటికీ తేల్చుకోలేను. మోకాళ్ళ నొప్పులు నిజమే. మనవళ్ళంటే ప్రాణమన్నదీ నిజమే.

షోలాపూర్ నుంచి మా మరదలు, అంటే ఆమె కూతురు, ఫోన్ చేసింది. "బావా, అమ్మకు ఏమన్న అయిందా? నువ్వన్న చెప్పు. నీ మాట ఇంటది."

చెప్పాను. వినలేదు. చివరికి సిమెంటు నేనే పంపాను.

ఆ గల్లీలోకి జేసీబీ రాదు. నలుగురు కూలీలు గడ్డపారలతో తవ్వి, మట్టిని గంపల్లో మోసి, గల్లీ మొదట్లో నిలబెట్టిన టెంపోలో పోశారు. పొడవు పద్దెనిమిది అడుగులు, వెడల్పు పది. ఒక వైపు మూడడుగుల లోతు, ఇంకో వైపు ఐదు. మొదట మట్టి, తర్వాత మురం, దాని కింద నల్లరాయి. రాయికి బ్రేకర్ మిషన్ తేవాల్సి వచ్చింది. పెరట్లో ఒక మునగచెట్టు ఉంది. ఆకులు రాలి ఫిల్టర్ మూసుకుపోతుంది, కొట్టేయాలి అన్నాడు మేస్త్రి.

"గుంతను అటు జరుపు" అంది మేనత్త.

"ముగ్గు పోసినమమ్మా, ఎట్ల జరుపుడు?"

"మల్ల పొయ్యి. సున్నం నేను తెస్త."

గుంత రెండడుగులు జరిగింది. రోజూ పొద్దున కుర్చీ వేసుకుని తవ్వకం ముందు కూర్చునేది. సిమెంటు బస్తా విప్పితే ముందు తానే చెయ్యి పెట్టి చూసేది. గడ్డలు తగిలితే ఆ బస్తా నా దుకాణానికి వెనక్కి వచ్చేది. మేనల్లుడి దుకాణమని ఏ మినహాయింపూ లేదు.

జూన్ వచ్చేసరికి అడుగునా గోడలకూ కాంక్రీటు పడింది, వాటర్‌ప్రూఫ్ ప్లాస్టరూ అయింది. టైల్స్ మిగిలాయి. మబ్బులు పట్టాయి.

"వాననీళ్ళు పడనియ్యి. నిండనియ్యి" అందామె.

"వద్దత్తా. టైల్స్ వేసేదాక తడి తగలొద్దు" అన్నాను నేను. ఇరవై ఏళ్ళుగా సిమెంటు అమ్ముతున్నవాణ్ణి కదా, నాకు అన్నీ తెలుసనే అనుకున్నాను. వాన పడకుండా పైన తాడ్‌పత్రి పట్టా కట్టించాను. ఆగిన కొద్ది నీళ్ళనూ తోడేయడానికి దుకాణం నుంచి మోటార్ తెచ్చి పెట్టాను. వాన పడ్డప్పుడల్లా ఆ మోటార్ నేనే వేసేవాణ్ణి. గుంత లోపల పొడిగా ఉంటే మురిసిపోయేవాణ్ణి.

జులైలో మూడు రోజులు ఎడతెగకుండా కురిసింది. మూడో రోజు తెల్లవారుతుండగా ఫోన్ వచ్చింది. వెళ్ళేసరికి గుంత అడుగు మధ్యలో పొట్ట ఉబ్బినట్టు పైకి లేచి ఉంది. గోడలు ఈ మూల నుంచి ఆ మూలకు పగిలాయి. వంటింటి వెనక గోడ కూడా బీటలు వేసింది. మేస్త్రి చీలమండల దాకా నీళ్ళలో నిలబడి చూస్తున్నాడు. మేనత్త మునగచెట్టు కింద గొడుగు పట్టుకుని ఉంది.

నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఇది: "సిమెంటు తక్కువ వేసినట్టున్నవ్ మేస్త్రీ."

అతను నా వైపు చూడలేదు. "కింద నీళ్ళు ఊరినయి సేట్. మీద బరువు లేదు. ఖాలీ డబ్బా లెక్క లేసింది. నీళ్ళుంటే లెవ్వకపోవు."

నాకు అర్థమైంది. అయినా సిమెంటు సంగతి మళ్ళీ ఎత్తాను. ఆమె నన్ను చూసింది. చిన్నప్పుడు ఎక్కం తప్పినప్పుడు చూసినట్టే చూసింది. కానీ 'గాడ తప్పినవ్' అనలేదు.

"ఖాలీగున్నది లేస్తది, నిండుగున్నది కూసుంటది. గంతే కదరా" అని లోపలికి పోయి టీ పెట్టింది. మేస్త్రికీ నాకూ ఒకేసారి ఇచ్చింది.

తర్వాత ఎనిమిది నెలలు నేను నాగావ్ వెళ్ళలేదు. దుకాణంలో పని ఉందని ఇంట్లో చెప్పేవాణ్ణి. మధ్యమధ్యలో తెలిసిన ఆటో డ్రైవర్ చేతికిచ్చి ఆమె పుంటికూర పప్పు పంపేది. డబ్బా మీద గుడ్డ, గుడ్డకు ముడి. నా భార్య కత్తెర వెతుకుతూ అడిగేది, "పోయి ఒకపాలి కలువరాదు?" రేపు పోతాననేవాణ్ణి. పప్పు తినేవాణ్ణి. తింటుంటే సిగ్గుగా ఉండేది. ఎందుకు పంపుతోందో అర్థమయ్యేది కాదు. కోపం లేదని చెప్పడానికా, ఉందని గుర్తు చేయడానికా? లేక ఆ రోజు పుంటికూర దొరికింది కాబట్టి ఊరికే పంపేదా?

మార్చిలో మేనత్త మళ్ళీ కౌంటర్ ముందు నిలబడింది.

"సిమెంటు పంపు. ఈపాలి కంకర ఎక్కువ కావాల్నట."

ఈసారి పగిలినదంతా తీయించి, అడుగు కింద కంకర పరిచి, ఊరే నీళ్ళు బయటికి పోవడానికి పైపు పెట్టాడు మేస్త్రి. నేను సాయంత్రాలు వెళ్ళేవాణ్ణి. ఏమీ చెప్పేవాణ్ణి కాదు, అడిగిన సామాను అందించేవాణ్ణి. లోపలికి దిగే మెట్ల పక్కన పట్టుకోవడానికి స్టీలు పైపు నేనే బిగించాను. లేత నీలం టైల్స్ వేశారు. పక్కనున్న ఖాళీ కార్ఖానా రేకుల నుంచి వాననీళ్ళు గుంతలోకి వచ్చేలా పన్హాళాలు, అంటే రేకు కాలువలు, పెట్టించింది.

అప్పుడు గొడవైంది. పక్క చాల్ ఆవిడ పెరటి గోడ మీది నుంచి తల పెట్టి అరిచింది. "మాకు రెండు దినాలకోపాలి నల్లా ఒస్తది. నీకు గుంత నిండ నీళ్ళు గావాల్నా?"

ఆమె అడిగింది తప్పని నేను అనలేను. మా వీధిలోనూ ఆడవాళ్ళు నీళ్ళకోసం డ్రమ్ములు పెట్టుకుని కాచుకుంటారు. మేనత్త ఏమంటుందోనని చూశాను. అంతే పెద్ద గొంతుతో జవాబు చెప్పింది. "నల్లా నీళ్ళు ఒక్క చెంబు ముట్ట. మీదికెళ్ళి పడ్డయే పోసుకుంట. పడకుంటే ఖాలీగనే ఉంటది."

పడ్డాయి. మొదటి రెండు వానలకు రేకుల మీది మురికంతా బయటికి వదిలేసింది. తర్వాత పన్హాళాన్ని గుంతలోకి తిప్పింది. వెనక గుమ్మంలో కూర్చుని, నీళ్ళు టైల్ తర్వాత టైల్ ఎక్కడం చూసేది. పదకొండు రోజులకు నిండింది. చాల్ ఆవిడ కూడా గొడుగు వేసుకుని వచ్చి చూసి పోయింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

ఆ తర్వాత రెండేళ్ళు మేనత్త రోజూ పొద్దున దిగింది. పాత నైటీ, తలకు గట్టిగా కట్టిన తువాలు. ఎవరినీ రానిచ్చేది కాదు, పెరటి తలుపు గొళ్ళెం వేసుకునేది. మనవళ్ళు వచ్చిన మూడు రోజులూ వాళ్ళకు వదిలేసి తాను దిగలేదు. ఫిల్టర్, బ్లీచింగ్ అన్నీ తానే చూసుకునేది. నేను ఆమెను నీళ్ళలో చూసింది ఒక్కసారే.

ఆ రోజు ఫిల్టర్ మోటార్ ఆగిపోయిందని పిలిచింది. బాగుచేసి లేచేసరికి నడుము పట్టేసింది. ఆమె అప్పటికే నీళ్ళలో ఉంది.

"దిగు" అంది.

నాకు యాభై ఏళ్ళు. జీవితమంతా నీళ్ళ సామాను అమ్మాను కానీ మోకాలు దాటి నీళ్ళలో దిగింది లేదు. బనీను, లుంగీతో స్టీలు పైపు పట్టుకుని మెట్టు తర్వాత మెట్టు దిగాను. నీళ్ళు ఛాతీకి వచ్చేసరికి ఊపిరి ఆగినట్టయింది. ఆమె వెల్లకిలా నీళ్ళ మీద పడుకుని ఉంది. చాప మీద పడుకున్నంత సులువుగా ఉంది.

"నువ్వు సుత పండు. మెడ ఇడువు."

అప్పుడే గమనించాను. ఆమె మెల్లగా మాట్లాడుతోంది. నేను పుట్టాక ఆమె నోట అంత చిన్న గొంతు ఎప్పుడూ వినలేదు. నా తల కింద ఒక చెయ్యి, నడుము కింద ఒక చెయ్యి పెట్టింది. చెవులు మునిగాయి. మునగకొమ్మలు, మబ్బులు కనిపిస్తున్నాయి. చుట్టుపక్కల సాంచల చప్పుడు పోలేదు, మారింది. నేల లోపలి నుంచి ఎవరో గుద్దుతున్నట్టు వీపుకు తగులుతోంది.

ఆమె నా తల కొంచెం ఎత్తింది. "ఇనవడ్డదా? గిప్పుడొక సాంచ ఆగింది. దారం తెగినట్టుంది."

నాకు అన్నీ ఒక్కలాగే వినిపిస్తున్నాయి. లేదన్నాను. "సూడు, మల్ల సురువయితది" అంటూ నన్ను మళ్ళీ పడుకోబెట్టింది.

ఆకాశం వైపు చూస్తూ, రెండేళ్ళుగా గొంతులో ఉన్న మాట అప్పుడు చెప్పాను. "అత్తా, ఆ మోటార్ పెట్టి నీళ్ళు తోడింది నేనే. అది నా తప్పు. మేస్త్రిది కాదు."

ఆమె ఏదో అంది. పెదవులు కదలడం చూశాను. కొంచెం పొడుగు మాటే. కానీ నా చెవులు నీళ్ళలో ఉన్నాయి. కంగారుగా తల ఎత్తబోయి మునిగి, నీళ్ళు మింగి, దగ్గుతూ నిలబడ్డాను.

"ఏమన్నవత్తా?"

"ఏమనలె. పండు."

మళ్ళీ అడిగాను. చెప్పలేదు. నీళ్ళలోంచి వచ్చి తల తుడుచుకుంటున్నప్పుడు ఇంకో మాట అడిగాను. "కట్టుకుంట పోతే తెలుస్తదన్నవ్ కదా, తెలిసిందా?"

ఆమె తువాలు పిండి దండెం మీద ఆరేసింది. "లోపటున్నప్పుడు ఒక్కొక్క దినం తెలిసినట్టే ఉంటది రా. మీదికొచ్చినంక మర్సిపోత" అంది. గొంతు మళ్ళీ పెద్దదైంది. తప్పు నాదేనని చెప్పడానికి మేస్త్రి దగ్గరికి మాత్రం ఆ సాయంత్రమే వెళ్ళాను. అతను టీ తెప్పించి, "గా మాట అమ్మ నాకు గప్పుడే చెప్పింది సేట్" అన్నాడు. ఏం చెప్పిందని అడిగే ధైర్యం రాలేదు.

మేనత్త పదో రోజు కర్మకు అందరం వచ్చాం. వాన పడుతోంది. షామియానా కింద కూర్చున్న చుట్టాలు ఒక్కొక్కరే లేచి పెరట్లోకి వెళ్ళి గుంత చూసి వస్తున్నారు. మా నాన్నకు నడక కష్టమైతే కుర్చీతో సహా మోసుకెళ్ళి చూపించాం.

"మా అక్కకు ఈత రాదు" అన్నాడాయన. "చిన్నప్పుడు మేమంత బాయిల దుంకుతుంటే గట్టు మీదికి సుత రాకపోయేది. నీళ్ళంటే భయం."

"లేదు నాయినా, నేను చూసిన. మంచిగ తేలుతది."

"నాకు తెల్వదా? నా అక్క."

మేమిద్దరం అలా వాదించుకుంటుంటే మా మరదలు వచ్చి గట్టు మీద నిలబడింది. పూడ్పించేస్తానని వచ్చిన రోజు నుంచీ అంటోంది. మేస్త్రిని పిలిచి ఎంత మట్టి పడుతుందో కూడా అడిగింది. ఇప్పుడు వాన చుక్కలు పడుతున్న నీళ్ళను చాలాసేపు చూసింది.

"బావా, అమ్మ నన్ను కూడ ఒకపాలి దిగుమన్నది. ఆమెతోని కొట్లాడి పోయిన. దిగుతే ఏమయితుండె?"

ఆమె ఏడుస్తుంటే పక్కన నిలబడ్డాను. మర్నాడు షోలాపూర్ వెళ్తూ తాళంచెవి నా చేతిలో పెట్టింది. "ఇప్పుడైతే పూడ్చొద్దు. అటెంక చూద్దాం. ఎందుకు వద్దంటున్ననో అడగకు."

పోయిన వారం మున్సిపాలిటీ నుంచి దోమల తనిఖీకి ఒక అమ్మాయి వచ్చింది. టార్చి వేసి నీళ్ళలోకి చూసి, "యే క్యా హై కాకా, టాంకీ?" అంది.

"స్విమ్మింగ్ పూల్."

ఆమె ఖాళీ కార్ఖానాను, మునగచెట్టును, నన్ను మార్చి మార్చి చూసింది. "కిస్‌కా?"

"మా మేనత్తది" అని తెలుగులో అనేశాను.

"అయ్యో, మనోళ్ళేనా!" అని నవ్వింది. "పురుగులు పడ్డయి కాకా. పూల్ వాడుతున్నరా?"

"తెల్వదు" అన్నాను.

"వాడకుంటే గప్పీ చేపలు తెచ్చి ఇడుస్త. దోమ పిల్లల్ని తింటయి. బ్లీచింగ్ మాత్రం ఎయ్యకుర్రి."

మర్నాడు పొద్దున క్యారీబ్యాగులో నీళ్ళు పోసి ఒక పాతిక చేపలు తెచ్చింది. ఒక్కొక్కటి గోరంత ఉంది. మెట్ల దగ్గర వంగి సంచి ఒంపింది. చూస్తుండగానే అవి ఆ నీలంలో కలిసిపోయి ఎటు వెళ్ళాయో కనబడకుండా పోయాయి. రిజిస్టర్‌లో నా సంతకం తీసుకుని ఆమె వెళ్ళిపోయింది.

నేను దుకాణం తెరవాల్సి ఉంది. కానీ మెట్టు మీద కూర్చుని చేపల కోసం వెతుకుతూ ఉండిపోయాను. చుట్టుపక్కల కార్ఖానాల నుంచి ఎగిరొచ్చిన దూది నూగు నీళ్ళ మీద అక్కడక్కడా తేలుతోంది. చాలాసేపటికి ఒక చేప పైకి వచ్చింది. తిండి అనుకుందేమో, నూగు ముక్క ఒకదాన్ని నోట కరచుకుని లోపలికి లాక్కుపోయింది. కాసేపటికి ఉమ్మేసింది. ముక్క మెల్లగా పైకి తేలింది. ఇంకో చేప వచ్చి దాన్నే పట్టుకుంది, అదీ వదిలేసింది. ఎందుకో తెలియదు, మొదటి చేప మళ్ళీ వచ్చింది.